మరియంబీ తెచ్చే లాభం

మరియంబీ మెట్లు దిగుతున్న చప్పుడు ఇంకా మూడో అంతస్తులో ఉండగానే కృష్ణకుమార్ గదిలోంచి కాగితం పట్టుకుని బయటికి వచ్చాడు. ఆదివారం పూట, ఇంట్లో లుంగీ మీద ఉన్నా, కాగితం పట్టుకుంటే మనిషి బ్యాంకులో కూర్చున్నట్టే ఉంటాడు.

"విన్నావు కదమ్మా. షాపు లెక్కల పుస్తకం ఏదీ అంటే వచ్చే ఆదివారం తెస్తానంటాది. ఎనిమిది నెలలుగా ఇదే మాట."

 లఫెట్ పళ్ళెంలో ఊరవేసిన తేయాకు అయిపోయి వేయించిన పప్పులు మిగిలాయి. భాగ్యవతి వాటిని వేలితో ఒక పక్కకి చేరుస్తోంది. చాప మీద అరవై వేల క్యాట్ల నోట్ల కట్ట మరియంబీ పెట్టిన చోటే ఉంది, రబ్బరు బ్యాండు కూడా తీయలేదు.

"కళ్ళద్దాలు మార్చుకోవాలంట. మార్చుకున్నాక తెస్తాది."

"ఎనిమిది నెలల నుంచి అద్దాలే మారుస్తందా?"

వంటింట్లో కోడలు సుధ కుళాయి కట్టేసింది. నీళ్ళ మీద ప్రేమతో కాదు, మాటలు సరిగ్గా వినపడాలని.

కృష్ణకుమార్ తల్లి ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. రంగూన్ తామ్వే పేటలోనే ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో అసిస్టెంట్ మేనేజరు. ఖాతాదారులకి ఎలా చెబుతాడో అలాగే, నెమ్మదిగా, చూపుడువేలు కాగితం మీద పెట్టి మొదలుపెట్టాడు.

"నాన్న పోయాక హార్బరు వాళ్ళిచ్చిన డబ్బు, నీ నగల డబ్బు కలిపి మరియం పిన్ని బట్టల షాపులో పెట్టినావు. యాభై లక్షలు. మొదటి మూడేళ్ళూ చూడు. ఒక నెల తొంభై వేలు, ఒక నెల ముప్పై. తింజన్ నీళ్ళ పండక్కి లక్షా పది. వానల్లో పద్దెనిమిది. ఎక్కుతోంది, దిగుతోంది. లాభమంటే అలాగే ఉంటాది. ఇప్పుడు తజౌండైన్ దీపాల పండగ దగ్గర్నుంచి చూడు. అరవై, అరవై, అరవై. ఎనిమిదిసార్లు."

"మంచిదే కదరా. మీ బ్యాంకోళ్ళిచ్చే దానికి రెట్టింపు."

"అదే నా బాధ. మా బ్యాంకు బతికేది వడ్డీ మీద. అప్పు తీసుకున్నోడు బాగుపడినా, చెడిపోయినా మా వడ్డీ మాకు రావాలి. అందుకే నెలనెలా ఒక్కలాగుంటాది. పిన్నిది అలా కాదు కదా. వడ్డీ వాళ్ళకి హరాం. ఆవిడ అమ్మితేనే ఆవిడకి, అమ్మితేనే నీకు. మరి ఒక్కలాగ ఎలాగొస్తంది? ఈ అరవై వేలు షాపులోంచి రావట్లేదమ్మా. ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలవాలి."

"నీకు తెలవాలా, నీ బ్యాంకుకి తెలవాలా?"

కృష్ణకుమార్ మొహం ఎర్రబడింది. జనం బ్యాంకుల్లోంచి డబ్బు తీసుకుని ఇళ్ళల్లో దాచుకుంటున్న రోజులు. నెలాఖరుకి కొత్త డిపాజిట్లు తేలేకపోతే తనని ఏ దూరపు ఊరికో పంపేస్తారని వారం కిందటే ఇంట్లో చెప్పాడు. అప్పట్నుంచీ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఫారం దేవుడి పటం వెనకాల తల్లి సంతకం కోసం ఎదురుచూస్తోంది.

"సొంత తల్లి డబ్బే బ్యాంకులో లేకపోతే ఊళ్ళోవాళ్ళని ఏటని అడగమంటావు? ఆవిడకి నోటీసు ఇద్దాం. డబ్బు వెనక్కి తీసుకుని డిపాజిట్ చేద్దాం. ఫోన్లో నెలనెలా వడ్డీ దానంతటదే పడిపోతాది. నీకు చూసుకోవాల్సిన పనే లేదు. ఎవరూ ఆరంతస్తులు ఎక్కి రానక్కర్లేదు."

ఆ చివరిమాట తల్లికి ఎక్కడ తగిలిందో కొడుక్కి తెలియదు. తెలిస్తే అనేవాడు కాదు, చెడ్డవాడేం కాదు. భాగ్యవతి డబ్బుకట్ట తీసుకుని లేచింది. ప్రతి నెలా దాన్ని కోడలి చేతికిచ్చేది. ఈసారి బియ్యం డబ్బా కింద పెట్టి, వెళ్ళి బాల్కనీలో నిలబడింది.

"యా బా డే, ఒగ్గీ," అని సుధ మొగుడితో అనడం వినపడింది. పోనీలెమ్మనడానికి ఆ పిల్లకి బర్మా మాటే ముందొస్తుంది.

బాల్కనీ కటకటాలకి ఒక తాడు కట్టి ఉంటుంది, వీధి దాకా వేలాడుతూ. కింది కొసకి కాగితాల క్లిప్పు, పై కొసకి చిన్న ఇత్తడి గంట. రంగూన్‌లో లిఫ్టు లేని మేడలన్నిటికీ ఇలాంటి తాళ్ళుంటాయి. పేపరువాడు క్లిప్పుకి పేపరు తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది. ఒకసారి మోగితే తాడు పైకి లాగాలని. రెండుసార్లు మోగితే మనిషి ఎక్కి వస్తున్నట్టు. ఈ ఇంటికి రెండుసార్లు మోగించే మనిషి ఒక్క మరియంబీయే.

మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, పాత ఇంట్లో ఉన్నప్పుడు గంటలూ తాళ్ళూ ఎందుకు, గుమ్మంలో కూర్చుంటే వీధంతా పలకరించేది. కొడుకు బ్రాంచికి దగ్గరని ఈ ఆరో అంతస్తుకి వచ్చి రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో భాగ్యవతి కిందికి దిగడం తగ్గించింది, తర్వాత మానేసింది. పొద్దున్న ఎనిమిదికి కొడుకూ కోడలూ వెళ్ళిపోతారు. సాయంత్రం దాకా పక్క బాల్కనీల గంటలు వింటూ కూర్చుంటుంది. ఏ గంట ఎవరిదో చప్పుడును బట్టి చెప్పగలదు. వాళ్ళ మొహాలు మాత్రం తెలియవు.



సోమవారమంతా భాగ్యవతి ఒక్కతే ఆ ఎనిమిది అరవైల గురించి ఆలోచించింది. కొడుకు లెక్క తప్పని అనుకోవడానికి చాలా ప్రయత్నించింది. కానీ తనకీ ఒక సంగతి తెలుసు. మరియంబీ షాపు శుక్రవారం నమాజు కోసం మూసేవాళ్ళు. మూడేళ్ళూ శుక్రవారమే వచ్చేది. ఈ ఎనిమిది నెలలూ ఆదివారం వస్తోంది. ఎందుకే అని ఒక్కసారైనా అడగలేదు. అడిగితే మనిషి రావడం ఎక్కడ మానేస్తుందోనన్న భయం తప్ప ఇంకో కారణం లేదు.

మంగళవారం వాళ్ళిద్దరూ వెళ్ళాక గొడుగు తీసుకుని మెట్లు దిగింది. ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ దిగేసరికి అరగంట పట్టింది. బస్సెక్కి పాత వీధిలో దిగింది.

మరియంబీ షాపులో లుంగీలు లేవు, ఆడవాళ్ళు కట్టే తమేన్లు లేవు. ఎవరో కుర్రదంపతులు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. భాగ్యవతి అక్కడే వానలో నిలబడిపోయింది.

ఎదురు కిళ్ళీబడ్డీలోంచి సత్తిబాబు చూసి బయటికి వచ్చాడు. ఆమె భర్త లింగరాజుతో కలిసి హార్బరులో పనిచేసినవాడు.

"వదినా, ఇటు రా. తడిసిపోతన్నావు."

"మరియం షాపు ఏదిరా?"

"షాపెక్కడిది? తజౌండైన్‌కే మూసీసింది. సరిహద్దు రోడ్లు మూసీసినాక గుడ్డ రావడం తగ్గిపోనాది. వచ్చిన సరుకేమో రెండింతల ధర. కొనేవోడు లేడు. ఉన్నదంతా అయినకాడికి అమ్మి టోకు బేరగాళ్ళకి కట్టీసింది. తర్వాత ఇల్లు కూడా ఒగ్గీసింది."

"మరి ఎక్కడుంటంది?"

"ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో, చెల్లెలి కూతురి దగ్గర. అక్కడ బట్టల ఫ్యాక్టరీలో దారాలు కత్తిరిస్తంది. చొక్కా కుట్టినాక దారం కొసలు మిగులుతాయి కదా, అవి. పొద్దస్తమానం నిలబడే పని. ఆదివారం ఒక్కటే సెలవు." సత్తిబాబు ఆగి ఆవిడ మొహంలోకి చూశాడు. "నీకు తెలవదేటి? నెలనెలా మీ ఇంటికే వస్తాది కదా."

వీధంతటికీ తెలుసు. తనకే తెలియదు. భాగ్యవతి బడ్డీ ముందున్న చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. మరియంబీ వచ్చినప్పుడల్లా ఆమె జాకెట్టు చేతుల మడతల్లోంచి తను దారం ముక్కలు ఏరి పారేసేది. బట్టల షాపు మనిషి కదా, ఉంటాయిలే అనుకునేది. లైంగ్‌థార్యార్ నుంచి తామ్వేకి రెండు బస్సులు మారాలి.

"ఎవరితోనూ సెప్పకురా, నానొచ్చినట్టు," అంది.

"ఎవరితో సెప్తాను వదినా? ఇక్కడిప్పుడు ఎవరున్నారు?"

సాయంత్రం కృష్ణకుమార్ చెప్పులు విప్పకముందే సంగతంతా చెప్పేసింది. తన అనుమానం నిజమైనందుకు అతనేమీ సంతోషించలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"అంటే యాభై లక్షలూ పోయినట్టే."

"పోనాయి."

"అంత తేలిగ్గా అనేస్తే ఎలాగమ్మా? ఆదివారం వస్తాది కదా. నెలకింత చొప్పున తీరుస్తానని కాగితం రాయించుకుందాం."

"ఏ మాట ప్రకారం రాయిస్తావు? మీ నాన్న ఫొటో ముందు కూకొని, ఇద్దరు పెద్దమనుషులు వింటుండగా మరియం ఏటి సెప్పింది? లాభమొస్తే సగం సగం. నష్టమొస్తే నీ డబ్బు నీకు పోద్ది, నా కష్టం నాకు పోద్ది. మూడేళ్ళు సగం తిన్నాం. తిన్నప్పుడు ఆ మాట మనకి బాగానే ఉన్నాది."

"అది వాళ్ళ పద్ధతి. మనకేటి?"

"ఒప్పుకున్నాక మనదే. నీ బ్యాంకులో నష్టమొస్తే ఎవరిది?"

"అప్పు తీసుకున్నోడిది."

"నీది కాదా?"

 కింద వీధిలో ఎవరో తాడు లాగారు, పక్కింటి గంట మోగింది.

"ఎనిమిది అరవైలు ఎంతరా?" అంది భాగ్యవతి.

"నాలుగు లక్షల ఎనభై వేలు."

"అది లాభం కాదు నాయనా. మరియం కూలి. ఆ డబ్బుతో మనం కరెంటు బిల్లులు కట్టినాం. సుధకి చెప్పులు కొన్నాం."

గుమ్మంలో నిలబడ్డ సుధ తన కాళ్ళకేసి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా ఆ చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది.

"ఎందుకిలా చేసింది ఆవిడ?" అన్నాడు కృష్ణకుమార్. "షాపు మూసీసినానని ఒక్క మాట చెప్తే మనం ఏటంటాం?"

భాగ్యవతికి ఎందుకో తెలుసు. తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే తెలిసింది. కిందటేడు వానాకాలంలో ఒక నెల పద్దెనిమిది వేలే వచ్చాయి. సుధ ఆ కట్టని అటూ ఇటూ తిప్పి చూసింది, అంతే. మర్నెల మరియంబీతో తనే అంది: నెలకో అరవై మాత్రం తగ్గనీకే, ఆ డబ్బు వల్లే ఈ ఇంట్లో నాకో మాట ఉన్నాది అని. వ్యాపారంలో భాగస్తురాలిగా ఉండి వడ్డీకిచ్చిన మనిషిలా మాట్లాడింది. అవతలి మనిషి దాన్ని గుండెల్లో పెట్టుకుంది. ఆ సంగతి మాత్రం కొడుక్కి చెప్పడానికి నోరు రాలేదు.

"అయితే ఇంక డబ్బు తేవద్దని ఆదివారం చెప్పీ," అన్నాడు అతను.

చెప్పాలి. చెప్పకపోతే ముసలి స్నేహితురాలి కూలి తింటున్నట్టు. చెబితే సిగ్గుతో ఇక ఈ గుమ్మం తొక్కదు. నెలలో ముప్పై రోజులూ పక్కవాళ్ళ గంటలే మిగులుతాయి. భాగ్యవతికి దుఃఖం వచ్చింది. పైట చెంగుతో మొహం తుడుచుకుని, అన్నం పెట్టడానికి లేచింది.

ఆదివారం పదిగంటలకి గంట రెండుసార్లు మోగింది.

మరియంబీ ఆరంతస్తులూ ఎక్కి వచ్చి గుమ్మంలో గొడుగు దులిపింది. బుగ్గలకి బర్మా ఆడవాళ్ళు పూసుకునే తనకా గంధం, చంకలో ఎర్ర అట్ట పుస్తకం. ఆ పుస్తకాన్ని చూసి కృష్ణకుమార్ తల్లికేసి చూశాడు. భాగ్యవతి లఫెట్ పళ్ళెం మధ్యలో పెట్టింది.

"ఇదిగోరా నాయనా పుస్తకం. నీ పిన్ని దొంగ కాదు," అంది మరియంబీ నవ్వుతూ. చాప మీద కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుంది. పాత అద్దాలే. "విను భాగ్యం. పోయిన నెల రెండో వారం. ఇన్‌సేన్ నుంచి పెళ్ళోళ్ళు వచ్చినారు. పదహారు తమేన్లు ఒక్కసారే."

"ఏ రంగువి?" అంది భాగ్యవతి.

అడగకూడదనే అనుకుంది. నోరు ఆగలేదు.

"గులాబీ. పెళ్ళికూతురి తల్లికి మాత్రం ఆకుపచ్చే కావాలంట. ఆ రంగు కడితే నువ్వు కనపడవే, గోడకి నాచు పట్టినట్టుంటావు అని కూతురు."

"మరి తల్లేటన్నాది?"

"నాకు నచ్చింది, నువ్వు కళ్ళు మూసుకో అన్నాది."

ఇద్దరూ నవ్వారు. షాపు లేదు, పెళ్ళివారు లేరు, ఆకుపచ్చ తమేను లేదు. అన్నీ తెలిసి కూడా భాగ్యవతి పెళ్ళికొడుకు వైపు వాళ్ళు ఏం కొన్నారో అడిగింది. మరియంబీ అదీ చెప్పింది. ఈ నవ్వు కోసమే తను నెలంతా బతుకుతోందని ఆ నిమిషంలో భాగ్యవతికి తెలిసింది.

కృష్ణకుమార్ పుస్తకం అందుకున్నాడు. మొదటి పేజీల నిండా కిళ్ళీ మరకలు, వేలిముద్రలు, రకరకాల సిరాలు. తజౌండైన్ తర్వాత పేజీలు శుభ్రంగా ఉన్నాయి. ఎనిమిది నెలల అమ్మకాలు ఒకే నీలం సిరాతో, ఒక్క ఊపులో రాసినట్టున్నాయి. ఇలాంటి దొంగ లెక్కలు పట్టుకోవడమే అతని ఉద్యోగం. పేజీలన్నీ తిప్పి చివరికి పుస్తకం మూసి ఆవిడ ముందు పెట్టాడు.

"బాగానే ఉన్నాది పిన్నీ," అన్నాడు.

కొడుకులో ఆ మెత్తదనం భాగ్యవతి చూడడం చాలా ఏళ్ళ తర్వాత. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే వచ్చే నెలా గంట రెండుసార్లు మోగుతుంది.

పళ్ళెం వైపు చాచిన మరియంబీ చేతి మీద ఒక తెల్లదారం ముక్క అంటుకుని ఉంది. భాగ్యవతి దాన్ని తీసి, ఆ చేతిని వదల్లేదు. బొటనవేలి దగ్గర కత్తెర ఒత్తుకుని కాయ కాసింది.

"నష్టం పేజీ ఏదే మరియం?"

మరియంబీ నములుతున్న నోరు ఆగింది.

"సత్తిబాబు సెప్పినాడా?"

"నానే ఎల్లినాను. ఆ నష్టం నాది కదే. నాకు రావాల్సింది నువ్వెందుకు దాచీసినావు?"

 బయట వాన పెద్దదైంది.

"నువ్వే కదే అన్నావు," అంది మరియంబీ గొంతు తగ్గించి. "ఆ అరవై వల్లే ఈ ఇంట్లో నాకో మాట ఉన్నాది అని."

తగ్గించినా ఆ చిన్న ఇంట్లో అందరికీ వినపడింది. కృష్ణకుమార్ తలదించుకున్నాడు. సుధ వంటింట్లోకి వెళ్ళబోయి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"బుద్ధిలేక అన్నాను. ఇంక తేకు."

"తేకపోతే వచ్చే నెల నానేటి పట్టుకుని రావాలే?"

"ఊరికే రా."

"ఊరికే ఎవరొస్తారే? యాభై లక్షలు పోగొట్టి, వట్టి చేతుల్తో నీ కొడుకు ముందు ఎలాగ కూకోమంటావు?"

"కూకో పిన్నీ," అన్నాడు కృష్ణకుమార్.

మరియంబీ వినిపించుకోలేదు. గొడుగు తీసుకుంది. పుస్తకం చాప మీదే ఉండిపోయింది. మెట్ల మీద ఆమె అడుగులు ఐదో అంతస్తు, నాలుగో అంతస్తు దాటి వానచప్పుడులో కలిసిపోయాయి.

భాగ్యవతి బియ్యం డబ్బా కదిపి అరవై వేల కట్ట తీసింది.  కృష్ణకుమార్ ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి కట్టని అందులో చుట్టి, తనే తాడు పైకి లాగి క్లిప్పుకి తగిలించి కిందికి వదిలాడు.

"పిన్నీ," అని కేకేశాడు.

మరియంబీ అప్పుడే గుమ్మం దాటి వీధిలోకి వచ్చింది. గొడుగు ఆగింది. తన కూలి డబ్బు ఆమె మొహం ఎత్తున గాలికి ఊగుతోంది. ఆమె దాన్ని తీసుకోలేదు, వెళ్ళిపోనూ లేదు. పైనుంచి చూస్తే గొడుగే తప్ప మనిషి కనపడడం లేదు.

అప్పుడు తాడు బిగిసింది. గంట ఒకసారి మోగింది.

కృష్ణకుమార్ తాడు లాగబోతే భాగ్యవతి అతని చెయ్యి పట్టుకుని ఆపింది, రెండోసారి మోగుతుందేమోనని. సుధ కూడా వచ్చి వెనకాల నిలబడింది. తాడు ఇంకా బిగిసే ఉంది. కింద ఆ చెయ్యి దాన్ని ఇంకా వదల్లేదు.